పెట్రోల్ ట్యాంకు లిడ్ తెరుచుకోవడం లేదా? స్క్రూడ్రైవర్ పెట్టే ముందు ఇవి చేయండి

బంకులో కారు ఆపి సీటు పక్కన లీవర్ లాగారు. రోజూ వినిపించే ‘టక్’ చప్పుడు రాలేదు. దిగి చూస్తే లిడ్ మూసుకునే ఉంది. వెనక బండివాళ్లు హారన్ కొడుతున్నారు. ఆ కంగారులో చాలామంది చేతికి దొరికిన స్క్రూడ్రైవరో తాళంచెవో సందులో దూర్చి పెకలిస్తారు. ‘లిడ్ రావడం లేదు, ఏం చేయాలి?’ అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఆ పని చేసేసి ఉంటారు. పెయింటు లేచిపోయి, అంచు వంగి ఉంటుంది. అసలు లోపం అయిదు నిమిషాల్లో పోయేదే కావచ్చు, వంగిన లిడ్‌కు మాత్రం డెంటింగు, పెయింటింగు తప్పవు. నా మొదటి కారుకు నేనూ అలాగే చేశాను. గీత పడినచోట తుప్పు మొదలై, ఆ కారు ఉన్నన్నాళ్లూ పోలేదు. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

బయట కారు రంగులో కనిపించే చిన్న తలుపును ఇక్కడ లిడ్ అంటాను. లోపల తిప్పి తీసేది క్యాప్. పెట్రోలు, దాని ఆవిరి బయటికి రాకుండా ఆపేది క్యాప్. లిడ్ దానికి దుమ్ము, వాన తగలకుండా కాపాడే కప్పు మాత్రమే. డీజిల్ కారుకూ పద్ధతి ఇదే.

లిడ్ లోపల ఏముంటుంది?

మూడే సంగతులు. లిడ్‌ను లోపలినుంచి పట్టుకుని ఉండే ఒక పిన్ను. ఆ పిన్నును వెనక్కి లాగే కేబుల్, లేదా చిన్న మోటారు. పిన్ను వదిలాక లిడ్‌ను బయటికి నెట్టే స్ప్రింగు. ‘లిడ్ బిగుసుకుపోయింది’ అని మనం అనేది ఈ మూడింటిలో ఏదో ఒకటి పనిచేయకపోవడమే. ఏది పనిచేయడం లేదో తేల్చకుండా బలం వాడితే బాగున్నవి కూడా విరుగుతాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

- సాయానికి ఒక మనిషి (అన్నిటికన్నా ముఖ్యం ఇదే)
- టార్చి
- పనికిరాని పాత ప్లాస్టిక్ కార్డు
- మాస్కింగ్ టేపు, మెత్తటి గుడ్డ
- సన్నటి మూతి ఉన్న ప్లయర్
- సిలికాన్ స్ప్రే, పాత టూత్‌బ్రష్
- చేతికి తొడుగులు (డిక్కీ లోపల రేకు అంచులు చేతులు కోస్తాయి)
- కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్

మొదలుపెట్టే ముందు

ఇంజిన్ ఆపండి. గాలి ఆడేచోట పెట్టుకోండి. సిగరెట్టు, లైటరు, నిప్పురవ్వ వచ్చే పనిముట్టు ఏదీ దగ్గర ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి పైకి పోకుండా నేలబారున, గుంటల్లో నిలుస్తుంది. లిడ్ మీద డ్రిల్లింగు, వేడి గాలి గన్ను అసలే వద్దు. కారు లోపల పెట్రోలు వాసన కొడుతుంటే, లేదా ఆ వైపు గుద్దుకుని రేకు నొక్కుకుపోయి ఉంటే, ఇక్కడే ఆగి మెకానిక్‌ను పిలవండి.

ముల్లు రిజర్వులో ఉంటే ‘రేపు చూద్దాం’ అని తిరగకండి. చాలా కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి, చుట్టూ ఉన్న ఇంధనంతోనే చల్లబడుతుంది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే లిడ్ ఖర్చుకు పంపు ఖర్చు తోడవుతుంది.

1. మీది ఏ రకమో తేల్చుకోండి

డ్రైవరు సీటు పక్కన కిందనో, స్టీరింగు కిందనో పెట్రోలు పంపు బొమ్మ ఉన్న లీవర్ ఉంటే మీది కేబుల్ రకం. అక్కడే డిక్కీ లీవర్ కూడా ఉండే కార్లు చాలా ఉన్నాయి. చీకట్లో ఒకదానికి బదులు ఇంకోటి లాగుతుంటారు, బొమ్మ చూసుకుని లాగండి.

లీవర్ లేకపోతే, లిడ్‌ను వేలితో నొక్కి తెరిచే రకం కావచ్చు. వీటిలో ఎక్కువ భాగం సెంట్రల్ లాకింగ్‌తో కలిసి ఉంటాయి. తలుపులు లాక్ అయితే లిడ్ కూడా లాక్ అవుతుంది. డ్యాష్‌బోర్డు మీద బటన్ ఉంటే అది కరెంటుతో తెరుచుకునే రకం.

ప్లగిన్ హైబ్రిడ్ (ప్లగ్గు పెట్టి చార్జ్ చేసుకునే, పెట్రోలుతోనూ నడిచే) కారుకు ఇలాంటి బటనే ఉంటే కాస్త ఓపిక పట్టాలి. చాలావాటిలో ట్యాంకు ఆవిరి బయటికి పోకుండా పూర్తిగా మూసి ఉంటుంది. బటన్ నొక్కాక లోపలి ఆవిరి ఒత్తిడి తగ్గించి, ఆ తర్వాతే లిడ్ వదులుతుంది. తెర మీద సందేశం వచ్చేదాకా ఆగండి. అది లోపం కాదు.

పక్కకు జరిగే తలుపున్న వ్యాన్ అయితే ఆ వైపు తలుపు పూర్తిగా మూసి చూడండి. తలుపు వెళ్లి లిడ్‌కు తగలకుండా, ఒకటి తెరిచి ఉంటే ఇంకోటి కదలకుండా కట్టడి పెట్టిన బండ్లున్నాయి.

2. నొక్కి వదలండి

ఇది ఓపిగ్గా చేయండి. చాలా లిడ్‌లు ఈ దశలోనే వస్తాయి.

*కేబుల్ రకానికి:* ఒకరు లోపల కూర్చుని లీవర్‌ను లాగి, వదలకుండా అలాగే పట్టుకోవాలి. రెండోవాళ్లు బయట నిలబడి లిడ్‌ను అరచేత్తో లోపలికి నొక్కి వదలాలి. నొక్కేది నడిమధ్యన కాదు, కీలు ఉన్న అంచుకు ఎదురుగా ఉన్న అంచు దగ్గర. పిన్ను అక్కడే ఉంటుంది. లోపలి రబ్బరు, పేరుకున్న దుమ్ము లిడ్‌ను బయటికి తోస్తుంటే ఆ ఒత్తిడంతా పిన్ను మీద పడి, అది వెనక్కి జారలేదు. మనం నొక్కితే ఆ బరువు తగ్గి పిన్ను కదులుతుంది.

రాకపోతే, లీవర్ లాగి పట్టుకుని ఉండగానే పిడికిలి పక్కభాగంతో అదే అంచు మీద మెత్తగా అయిదారుసార్లు తట్టండి. తలుపు తట్టినంత బలం చాలు.

ఇక్కడ జరిగే పొరపాటు: లోపలివాళ్లు లీవర్ లాగి వదిలేసి ‘లాగాను, చూడు’ అంటారు. లీవర్ వదలగానే పిన్ను మళ్లీ ముందుకొస్తుంది. బయటివాళ్లు ‘చాలు’ అనేదాకా పట్టుకునే ఉండాలి.

*నొక్కే రకానికి:* రిమోట్‌తో ఒకసారి లాక్ చేసి, మళ్లీ అన్‌లాక్ చేయండి. కొన్ని కార్లలో బటన్ ఒకసారి నొక్కితే డ్రైవరు తలుపు ఒక్కటే తెరుచుకుంటుంది, లిడ్ లాక్‌లోనే ఉంటుంది. రెండోసారి నొక్కి అన్ని తలుపులూ తెరిచి చూడండి. తలుపు లోపలి అన్‌లాక్ స్విచ్చి కూడా ప్రయత్నించండి. ఆ తర్వాత లిడ్‌ను కీలుకు ఎదురు అంచు దగ్గర గట్టిగా లోపలిదాకా నొక్కి, ఒక్కసారిగా వదలండి. సగం నొక్కితే ఈ రకం లాకు వదలదు.

*మంచు పడేచోట:* సందులో మంచు గడ్డకట్టి ఉండొచ్చు. లిడ్ అంచుల చుట్టూ అరచేత్తో నొక్కుతూ పోతే గడ్డ పగులుతుంది. మంచు కరిగించే స్ప్రే వాడొచ్చు. మరిగే నీళ్లు పోయొద్దు. పెయింటు దెబ్బతింటుంది, ఆ నీరే మళ్లీ గడ్డకట్టి ఇంకా బిగుస్తుంది.

3. లీవర్ ఏం చెబుతోందో చూడండి

లిడ్ ఇంకా రాలేదంటే ఇక బలం కాదు, చేతి స్పర్శ, చెవి కావాలి. లీవర్‌ను మెల్లగా లాగి గమనించండి.

*లీవర్ వదులుగా, బరువు లేకుండా వస్తోంది.* కేబుల్ లీవర్ దగ్గర ఊడిపోయింది, లేదా ఎక్కడో తెగింది. 4వ దశకు వెళ్లండి.

*లీవర్ బిగుసుకుని అసలు కదలడం లేదు.* పిన్ను తుప్పుతోనో మట్టితోనో పట్టేసింది. ఇంకా గట్టిగా లాగితే ప్లాస్టిక్ లీవర్ విరుగుతుంది. అప్పుడు రెండు లోపాలు. పిన్ను ఉన్న వైపు సందులోకి సిలికాన్ స్ప్రేను సన్నటి గొట్టంతో కొద్దిగా కొట్టి, పది నిమిషాలు ఆగి, 2వ దశ మళ్లీ చేయండి. స్ప్రే డబ్బా మీద మండే గుణం గురించిన హెచ్చరిక చదవండి.

*లీవర్ మామూలుగానే లాగుతోంది, వెనకనుంచి ‘టక్’ కూడా వినిపిస్తోంది, లిడ్ మాత్రం పైకి లేవడం లేదు.* పిన్ను వదిలింది, నెట్టే స్ప్రింగు పనిచేయడం లేదు, లేదా లిడ్ అంచు అతుక్కుంది. ఇదే అన్నిటికన్నా తేలిక, 5వ దశ చాలు.

కరెంటు రకానికైతే ఒకరు లిడ్ దగ్గర చెవి పెట్టాలి, ఇంకొకరు లాక్, అన్‌లాక్ నొక్కాలి. మోటారు చప్పుడు వస్తూ లిడ్ రాకపోతే పిన్ను పట్టేసింది. చప్పుడే లేకపోతే కరెంటు అందడం లేదు, లేదా మోటారు పోయింది. మాన్యువల్ చూసి సెంట్రల్ లాకింగ్ ఫ్యూజు తీసి వెలుతురులో చూడండి. కాలిపోయి ఉంటే అంతే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఎక్కువ ఆంపియర్లది వేసినా, వైరు ముక్క చుట్టినా వైరింగు కాలుతుంది. మిగతా తలుపులన్నీ మామూలుగా లాక్ అవుతుంటే సాధారణంగా ఫ్యూజు బాగున్నట్టే. లోపం లిడ్ దగ్గరి మోటారులోనో దాని వైరులోనో వెతకాలి, అది 6వ దశలో.

4. లీవర్ దగ్గర కేబుల్ చూడండి

తలుపు గడప మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. వేళ్లతో అంచునుంచి మెల్లగా పైకి లేపితే ఊడుతుంది. కొన్నిటిలో లీవర్ చుట్టూ మూత, దానికి ఒకటో రెండో స్క్రూలు ఉంటాయి. కార్పెట్టు కొంచెం ఎత్తితే లీవర్ వెనక కేబుల్ కొస కనిపిస్తుంది.

కొసన ఉన్న బొడిపె గాడిలోనుంచి జారి ఉంటే తిరిగి అందులో కూర్చోబెట్టండి. పని అయిపోయినట్టే. తెగి ఉంటే, బయటి తొడుగులోనుంచి కనిపించే లోపలి తీగను ప్లయర్‌తో పట్టుకుని తిన్నగా లాగండి, ఇంకొకరు లిడ్ నొక్కి వదలాలి. ఇది ఈ పూటకు తెరవడానికి మాత్రమే, కేబుల్ మార్చాల్సిందే.

సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు. అవి చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ వైర్లవి. కార్పెట్టుతో పాటు వాటిని లాగకుండా చూసుకోండి.

5. కార్డుతో లేపండి

లిడ్ చుట్టూ ఉన్న రేకుకు, లిడ్ అంచుకు మాస్కింగ్ టేపు అంటించండి. ఒకరు లీవర్ లాగి పట్టుకోవాలి. మీరు కీలుకు ఎదురు వైపున సందులో ప్లాస్టిక్ కార్డు దూర్చి, అంచు వెంబడి పైనుంచి కిందికి జరుపుతూ మెల్లగా లేపండి. అతుక్కున్న మైనం, మట్టి వదిలి లిడ్ పైకొస్తుంది. కార్డు వంగుతోందంటే పిన్ను ఇంకా వదల్లేదని అర్థం. కార్డు బదులు స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, 3వ దశకు తిరిగి వెళ్లండి. కార్డు మనకు కొలత కూడా. అది వంగేంత బలం చాలదనిపిస్తే, అంతకు మించిన బలం లిడ్‌కు ఎక్కువే.

లీవర్ లాగకుండా కార్డుతోనే పిన్నును వెనక్కి తోయొచ్చా అని అడుగుతుంటారు. పిన్ను కొస వాలుగా చెక్కి ఉంటే వీలుపడొచ్చు. తిన్నగా ఉంటే పడదు. లాక్ వేసి ఉన్నా కార్డుతో తెరుచుకుంటోందంటే ఆ లాకు మార్చాలి.

6. డిక్కీ లోపలినుంచి

లిడ్ ఏ వైపు ఉందో ఆ వైపు డిక్కీ గోడ లైనింగు తీయాలి. ఇతరుల కారు బాగుచేస్తూ వైపు మర్చిపోతే, డ్యాష్‌బోర్డు మీద పెట్రోలు పంపు బొమ్మ పక్కనున్న చిన్న బాణం చూడండి, అది లిడ్ ఉన్న వైపే చూపిస్తుంది. 1986లో ఫోర్డ్ ఇంజినీరు జిమ్ మోయ్‌లన్ వానలో బంకుకు వెళ్లి, తప్పు వైపు ఆపి తడిసిపోయి, ఆ బాణం పెట్టమని సంస్థకు రాశాడు. 1989 మోడళ్లలో అది వచ్చింది.

ముందు మాన్యువల్‌లో ‘అత్యవసరంగా తెరవడం’ అన్న భాగం వెతకండి. చాలా కార్లలో, ముఖ్యంగా కరెంటు రకాల్లో, లైనింగు వెనక ఒక తాడో, ప్లాస్టిక్ ఉంగరమో పెట్టి ఉంటారు. అందుకోసం లైనింగులో చిన్న మూత ఉండే కార్లూ ఉన్నాయి. దాన్ని తిన్నగా, నిదానంగా లాగండి. ఝాడించి లాగితే తాడు తెగుతుంది, ఆ తర్వాత లోపలికి చెయ్యి పట్టదు.

తాడు లేకపోతే లైనింగు క్లిప్పులు తీయండి. చాలావాటికి మధ్యలో చిన్న బొత్తం ఉంటుంది. ముందు దాన్ని పైకి లేపి, తర్వాత క్లిప్పు మొత్తం లాగాలి. నేరుగా పెకలిస్తే విరుగుతాయి. లోపల టార్చి వేసి చూస్తే లిడ్ వెనక లాకు, దానికి వచ్చే కేబులో వైరో కనిపిస్తాయి. కేబుల్ రకమైతే లాకు దగ్గర బయటికి కనిపించే తీగను ప్లయర్‌తో వెనక్కి లాగండి. కరెంటు రకమైతే కనెక్టర్ సరిగా కూర్చుందో లేదో నొక్కి చూడండి. పిన్ను కనిపిస్తే వేలితో వెనక్కి జరపండి. పక్కనే ఉండే వెనక లైటు వైర్లను, ట్యాంకులోకి వెళ్లే పెద్ద గొట్టాన్ని కదపొద్దు.

చెయ్యి పట్టకపోతే, చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు విప్పి చేయాల్సి వస్తుంది. కారు జాకీ మీద ఎత్తి చేసే పని కాబట్టి అది మెకానిక్‌కు వదిలేయండి.

7. తెరుచుకుంది. ఇప్పుడు మూయకండి!

అందరూ తప్పేది ఇక్కడే. లిడ్ రాగానే సంతోషంలో ‘బాగైందా?’ అని టప్పున మూస్తారు. మళ్లీ మొదటికి వస్తుంది. పిన్ను దూరే కన్నం మీద మాస్కింగ్ టేపు రెండు మూడు పొరలు వేయండి. పని పూర్తయ్యేదాకా లాకు పడకుండా ఆపుతుంది.

క్యాప్ బిగించి ఉందో లేదో చూసుకుని శుభ్రం మొదలుపెట్టండి. పొడి బ్రష్షుతో పిన్ను, కీలు, అంచుల మట్టి దులిపి గుడ్డతో తుడవండి. క్యాప్ కింద గూటి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. వాన నీళ్లు, ఒలికిన పెట్రోలు పోయే దారి అది. ఆకు ముక్కలు, బురదతో అది పూడిపోతే నీళ్లు నిలిచి పిన్ను, కీలు తుప్పు పడతాయి. చాలా బిగుతులకు అసలు మూలం ఇదే, ఎవరూ చూడరు. మెత్తటి ప్లాస్టిక్ కేబుల్ టైతో పొడిచి శుభ్రం చేయండి.

పిన్నుకు, కీలుకు సిలికాన్ స్ప్రే కొంచెం కొట్టి, మిగిలింది తుడిచేయండి. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి బాగుంటుంది, కానీ ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు. అది వాడితే తుడిచి, పైన సిలికానో తెల్ల లిథియం గ్రీజో పూయండి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు వద్దు, దుమ్మును పట్టుకుని నెలల్లో జిగురవుతాయి. రబ్బరుకు సిలికాన్ తప్ప ఏదీ రాయొద్దు.

ఇప్పుడు లీవర్ లాగి పిన్నును చూడండి. కొస పూర్తిగా వెనక్కి, లాకు లోపలికి పోవాలి. సగమే వెళ్తుంటే కేబుల్ సాగింది. కొత్త కేబుల్ వచ్చేదాకా ఒక ఉపాయం ఉంది: లీవర్ దగ్గర కేబుల్ బయటి తొడుగు ఆనుకునే చోట, తొడుగుకు, బ్రాకెట్టుకు మధ్య పలచటి వాషరు కోసి దూర్చండి. తొడుగు పొడవు పెరిగినట్టై లోపలి తీగలో వదులు తగ్గుతుంది. మరీ బిగిస్తే పిన్ను పూర్తిగా బయటికి రాక లిడ్ లాక్ పడదు, అది కూడా చూసుకోండి.

నెట్టే స్ప్రింగు ఆకులా ఉండే రకమైతే విరిగిందా, చదునైందా చూడండి. చదునైతే కొద్దిగా వంచొచ్చు. విరిగితే మార్చడమే. లిడ్ లోపలి రబ్బరు బొడిపెలు పోయినా, ఉబ్బినా లిడ్ సరిగా కూర్చోదు.

సరిగా అయిందా?

టేపు తీసేయకముందే పిన్నును పదిసార్లు లోపలికి, బయటికి ఆడించండి. ఒక్కసారి మొరాయించినా లిడ్ మూయొద్దు. పదికి పదీ సాఫీగా వస్తే టేపు తీసి, డిక్కీ లైనింగు ఇంకా బిగించకుండానే, లిడ్ నెమ్మదిగా మూసి తెరవండి. ఈసారి సాయం మనిషి లేకుండా, ఒక్కరే లీవర్ లాగి దిగి చూడాలి. లిడ్ తనంతట తాను పైకి లేచి ఉండాలి. తర్వాత మామూలుగా మూసే బలంతో మూసి మళ్లీ చూడండి.

సెంట్రల్ లాకింగ్ ఉంటే, లాక్ చేసినప్పుడు లిడ్ తెరుచుకోకూడదు. అన్‌లాక్ చేశాక తెరుచుకోవాలి. రెండూ చూడండి. లిడ్ చుట్టూ సందు అన్నివైపులా సమంగా ఉందా, వేలితో రాస్తే ఒక అంచు ఎత్తుగా తగులుతోందా గమనించండి. ఎత్తుగా ఉంటే కీలు వంగింది.

ఆఖరున క్యాప్ బిగించి ఉంచి, గూట్లో అరగ్లాసు నీళ్లు పోయండి. అడుగు రంధ్రంలోనుంచి కారి కింద నేల మీద పడాలి. క్యాప్ లేకుండా నాజిల్ నేరుగా దూర్చే రకం కారైతే ఈ నీళ్ల పరీక్ష వద్దు. నీళ్లు పోయాక తుడిచి, లిడ్ మూసి, రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున లేవగానే మళ్లీ లీవర్ లాగండి. తుప్పు మిగిలి ఉంటే ఆ తడికి పిన్ను అప్పుడే పట్టేస్తుంది. పొద్దున కూడా ఒక్క లాగుకే లిడ్ లేస్తే లైనింగు క్లిప్పులు బిగించి బంకుకు బయల్దేరండి.